వేరుశెనగలో నొప్పుల మందు: అవ్వ అడిగిన ప్రశ్న

(మా గ్రామీణ విలేఖరి)

కదిరి: కాయ విడిపించే రోజులు వచ్చాయంటే ఈ ప్రాంతపు పల్లెల్లో తెల్లవారేసరికి రెండు అంగళ్ళ ముందు జనం కనబడతారు. ఒకటి టీ అంగడి, రెండోది మందుల అంగడి. పొలానికి పోయే ఆడకూలీలు రెండు నొప్పి బిళ్ళలు కొని కొంగున ముడి వేసుకుని పోవడం ఇక్కడ కొత్త సంగతి కాదు. గుంటకతో పైకి లేపిన చెట్లను ముందేసుకుని, గొంతుక్కూర్చుని పొద్దు గూకేదాకా కాయ విడిపిస్తే వేళ్ళ కణుపులు, మణికట్లు, నడుము, మోకాళ్ళు అన్నీ ఒక్కసారే మొర పెట్టుకుంటాయి. బిళ్ళ వేసుకుంటే ఆ పూటకు గడుస్తుంది. రేపటికి మళ్ళీ బిళ్ళ.

పోయిన పంటకాలంలో ఒక కళ్ళం దగ్గర డెబ్భై దాటిన ఒక అవ్వ ఈ విలేఖరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. బెంగుళూరులో కట్టడం పనికి పోయిన ఆమె మనుమడు పండగకు వస్తూ ఒక సీసా తెచ్చి ఇచ్చాడు. లోపల తెల్లటి గుళికలు. ఇది మందు కాదు, ఆహారమే, శెనక్కాయలోను, కోడిగుడ్డులోను వుండేదే, దీనితో ఏ చెరుపూ వుండదు అని అమ్మినవాడు మనుమడికి చెప్పాడట. సీసా ఖరీదు అవ్వ వారం రోజుల కూలికంటే ఎక్కువ.

"ఏం నాయనా, పేపరుకు రాస్తావు కదా, ఒక మాట చెప్పు" అన్నది అవ్వ. "పుట్టినకాడ్నుంచి శెనక్కాయలు తింటానే వుండాను. శెనక్కాయ నూనెతోనే వండినాను. ఊరిబిండి లేకుండా సంగటి ముద్ద గొంతు దిగింది లేదు. మందు దాంట్లోనే వుంటే నా మోకాళ్ళు ఏంటికి ఇట్లయినాయి?"

ఈ విలేఖరి ఆ రోజు నవ్వి లేచి వచ్చాడు గాని, ప్రశ్న మాత్రం వెంట వచ్చింది. ఇంటర్మీడియట్‌లో చదివిన రసాయన శాస్త్రం దీనికి చాలలేదు. తెలిసిన వైద్యులను, కళాశాల అధ్యాపకులను అడిగి, అచ్చయిన పరిశోధనల సారాంశం చెప్పించుకుని, తెలుసుకున్నది ఇక్కడ రాయడమైనది. సీసా అమ్మినవాడు చెప్పినదాంట్లో సగం నిజముంది. మిగతా సగమే అవ్వ డబ్బును తినేది.

న్యూయార్కు పేదపిల్లలు, గుడ్డు సొన

ఈ కథ మొదలయింది అమెరికాలోని న్యూయార్కు నగరంలో, ఎనభై ఏళ్ళకు పూర్వం. ఆ రోజుల్లో అక్కడి పేదపిల్లలను కీళ్ళవాత జ్వరం పట్టి పీడించేది. ముందు గొంతు నొప్పి వస్తుంది. రెండు మూడు వారాలకు జ్వరంతోపాటు ఈ కీలు, ఆ కీలు వాచి నొప్పి పెడుతుంది. కీళ్ళ వాపు తగ్గిపోతుంది గాని గుండె కవాటాలు దెబ్బతింటాయి. తగ్గిందనుకున్నది మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది.

డాక్టర్ ఆల్విన్ కోబర్న్ అనే పరిశోధకుడు ఈ పిల్లల తిండిని గమనించాడు. జబ్బు ఎక్కువగా పేదల ఇళ్ళల్లోనే. ఆ ఇళ్ళల్లో గుడ్లు తినడం తక్కువ. ఆయన ఎండబెట్టి పొడి చేసిన గుడ్డు పచ్చసొనను ఈ పిల్లల తిండిలో చేర్చి చూశాడు. పిల్లలకు గొంతు నొప్పులు ఎప్పటిలాగే వస్తూనే వున్నాయి, కాని కీళ్ళవాత జ్వరం తిరగబెట్టడం తగ్గింది. 1943లో ఈ సంగతిని ఆయన, ఆయన సహచరులు ప్రచురించారు. గుడ్డులో ఏదో వుంది. ఆ ఏదో ఏమిటన్నది అప్పటికి ఎవరికీ తెలియదు.

తర్వాత పెన్సిలిన్ సూదులు వచ్చాయి. గొంతులోని సూక్ష్మజీవినే చంపే మందు చేతికొచ్చాక గుడ్డు సొన సంగతి వెనకబడిపోయింది. అది న్యాయమే. ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలి. కీళ్ళవాత జ్వరం మన దేశం నుంచి పోలేదు. ఈ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు, నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయించవలసి వుంటుంది. బడిలో గుడ్డు పెడుతున్నారు కదా అని ఎవరూ ఆ సూది మానరాదు.

కోబర్న్ మాత్రం గుడ్డును వదలలేదు. 1954లో గినీ పందుల కీళ్ళలో కృత్రిమంగా వాపు తెప్పించి, గుడ్డు సొన నుంచి తీసిన పదార్థం ఆ వాపును అణచగలదని చూపించాడు. సరిగ్గా ఇక్కడే మన పంటకు ఈ కథలో చోటు దొరికింది. 1956లో ఇంగ్లండు పరిశోధకులు వేరుశెనగ నూనెలో కూడా గినీ పందుల్లో ట్యూబర్‌క్యులిన్ సూదికి వచ్చే ప్రతిచర్యను తగ్గించే గుణం వున్నదని రాశారు.

మరుసటి సంవత్సరం, 1957లో, అమెరికాలోని రసాయన శాస్త్రజ్ఞులు ఆ పదార్థం గుట్టు విప్పారు. గుడ్డు సొనలోను, సోయా చిక్కుడు నుంచి తీసే లెసిథిన్‌లోను, నూనె తీసిన తర్వాత మిగిలే వేరుశెనగ పిండిలోను వున్నది ఒకే కొవ్వు జాతి పదార్థమని తేల్చారు. మన గానుగల దగ్గర ఎద్దులకు వేసే చెక్క అన్నమాట. పదార్థం పేరు పలకడానికి నోరు తిరగదు, పామిటాయిల్ ఇథనోలమైడ్. పాఠకుల సౌకర్యం కోసం పి.ఇ.ఏ. అందాం. వంటనూనెలన్నిటిలోను వుండే పామిటిక్ ఆమ్లం ఒక కొస, ఇథనోలమైన్ అనే చిన్న పదార్థం మరొక కొస. రెండూ ముడిపడితే ఇది తయారవుతుంది.

మన ఒంట్లోనే తయారీ

1965లో మరొక విషయం బయటపడింది. ఈ పదార్థం తిండిలోనే కాదు, జంతువుల ఒంట్లోనూ వుంది. మెదడులో, కాలేయంలో, కండలో అన్నిచోట్లా కొద్దికొద్దిగా వుంది. మనిషి ఒంట్లోనూ అంతే. ఒంట్లోని కణాలే తమ పొరల్లోని కొవ్వు నుంచి దీన్ని అవసరమైనప్పుడు, అవసరమైన చోట తయారు చేసుకుంటాయి. పని అయిపోగానే ఎంజైములు దాన్ని విరగ్గొట్టేస్తాయి. రేపటికని దాచుకోవడం వుండదు.

దాని పని ఏమిటో తెలియాలంటే నొప్పి, వాపు ఎలా వస్తాయో కొంచెం చెప్పుకోవాలి. చర్మం కింద, కీళ్ళ పొరల్లో, నరాల పక్కన మాస్ట్ కణాలని కొన్ని కణాలు కాపలా కాస్తుంటాయి. ఇవి ఒక్కొక్కటి నడుముకు కారంపొడి మూట కట్టుకున్న కాపలాదారులాంటివి. దెబ్బ తగిలితే, సూక్ష్మజీవి చొరబడితే మూట విప్పి చల్లుతాయి. ఆ చోట ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. దొంగ వచ్చినప్పుడు చల్లడం మంచిదే. దొంగ పోయిన తర్వాత కూడా చల్లుతూనే వుంటే ఇల్లంతా దగ్గులు, తుమ్ములు. దీర్ఘకాలపు నొప్పులు చాలా వరకు ఇలాంటివే. పి.ఇ.ఏ. చేసే పనుల్లో ఒకటి ఆ కాపలాదారు చెయ్యి పట్టుకుని, ఇక చాలు అని ఆపడం. అంతేకాక కణాల లోపలికి పోయి, వాపును పెంచే జన్యువుల పనిని తగ్గించే ఒక మీటను తిప్పుతుందని 2005లో కనుగొన్నారు.

కొవ్వు అంటే నొప్పి తగ్గించేదే అని కూడా అనుకోకూడదు. మంట పెట్టేదీ ఆ కుటుంబమే. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు నుంచి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు తయారై నొప్పిని, వాపును పెంచుతాయి. ఆస్పిరిన్ బిళ్ళ చేసేది ఆ తయారీని అడ్డుకోవడమేనని 1971లో ఇంగ్లండుకు చెందిన జాన్ వేన్ చూపించాడు. 1982లో మరి ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన పొలాల్లోని నొప్పి బిళ్ళలన్నీ, డైక్లోఫినాక్ గాని, ఐబుప్రొఫెన్ గాని, ఆ దోవన పోయేవే. మరో చిత్రం, ఆ ఆమ్లం పేరుకు మూలం వేరుశెనగ శాస్త్రీయ నామమైన అరాకిస్. పేరు మన కాయది అయినా సరుకు మాత్రం ఎక్కువగా మాంసం, గుడ్లలో వుంటుంది.

ఈ కుటుంబానికి దూరపు చుట్టం మరొకటి మన వంటింట్లోనే వుంది. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ కూడా కొవ్వు ఆమ్లపు తోక వున్న పదార్థమే. మొదట మండించి, తర్వాత నరాన్ని మొద్దుబార్చి నొప్పి తగ్గిస్తుంది. దానితో చేసిన పూతమందులు అంగళ్ళలో వున్నాయి. కారంపొడి తెచ్చి మోకాలికి పూసుకోమని మాత్రం దీని అర్థం కాదు. పూసుకుని బొబ్బలెక్కించుకున్నవారిని ఈ విలేఖరి చూశాడు.

ప్రేగు నుంచి ఇటలీకి

పి.ఇ.ఏ.ను మొదట బిళ్ళగా అమ్మినది అప్పటి చెకోస్లవాకియా దేశం. అమెరికాలో ఈ పదార్థం మీద పని చేసి స్వదేశానికి తిరిగి వెళ్ళిన కారెల్ మాషెక్ అనే శాస్త్రజ్ఞుడు 1970ల్లో ప్రేగు నగరంలో దీని పరీక్షలకు పూనుకున్నాడు. ఇంపల్సిన్ అనే పేరుతో వచ్చిన ఆ బిళ్ళను నొప్పులకు కాదు, జలుబు జ్వరాలకు వాడారు. స్కోడా కార్ల కర్మాగారం కార్మికులకు, సైనికులకు ఇచ్చి చూశారు. తర్వాత కొన్నేళ్ళకు ఆ మందు అక్కడి అంగళ్ళలో కనబడకుండా పోయింది.

దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చినది ఇటలీకి చెందిన రీటా లెవీ మాంటల్‌చీని అనే మహాతల్లి. ఆమె సంగతి రెండు మాటలైనా రాయకుండా వుండలేము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్ళగొడితే ఆమె తన పడకగదిలోనే ప్రయోగశాల పెట్టుకుంది. బాంబుల భయానికి పల్లెకు మకాం మార్చాక సైకిలు మీద రైతుల ఇళ్ళకు తిరిగి, పిల్లలకు బలమని చెప్పి పొదిగే రకం కోడిగుడ్లు అడిగి తెచ్చుకునేది. ఆ గుడ్లలోని పిండాల మీదనే నరాల పెరుగుదలను పరిశీలించింది. ఆ దోవలోనే 1986లో నోబెల్ బహుమతి అందుకుంది. 1993లో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, తన సహచరులతో కలిసి పి.ఇ.ఏ. వంటి పదార్థాలు మాస్ట్ కణాలను అదుపులో పెడతాయని ప్రకటించింది. 103 ఏళ్ళు బ్రతికి 2012లో కన్నుమూసింది. ఇటలీలో ఈ గుళికలు నేటికీ నరాల నొప్పులకు వాడకంలో వున్నాయి.

మన మాటకు అక్కడ చోటు

దాదాపు అదే కాలంలో జెరూసలేములో మరొక పని జరిగింది. గంజాయి తాగినవానికి నొప్పి తెలియకపోవడానికి కారణమేమిటని వెతుకుతూ పోయిన రఫేల్ మెషూలం బృందం 1992లో పంది మెదడు నుంచి ఒక కొవ్వు పదార్థాన్ని వేరుచేసింది. గంజాయి పని చేసే తాళంలో ఒంట్లోనే పుట్టి సరిపోయే తాళంచెవి ఇది. దీనికి పేరు పెట్టడానికి వారు ఎంచుకున్న మాట మన ఆనందం. సంస్కృతంలోని ఆనంద శబ్దం తీసుకుని ఆనందమైడ్ అన్నారు. పి.ఇ.ఏ.కి ఇది చెల్లెలు వరుస. అయితే పి.ఇ.ఏ. స్వయంగా ఆ తాళాన్ని తెరవదు, మత్తు ఇవ్వదు. ఈ గుళికల్లో గంజాయి వుందని కొందరు, అందుకే పని చేస్తుందని మరికొందరు చెప్పడం విన్నాం. రెండూ నిజం కాదు.

ఈ అక్కాచెల్లెళ్ళను ఒంట్లో విరగ్గొట్టే ఎంజైము ఒకటే. అది పుట్టుకతోనే మందగించిన ఒక స్కాట్లండు మహిళ గురించి 2019లో వైద్య పత్రికలో వచ్చింది. ఆమెకు జీవితమంతా నొప్పి అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. పొయ్యి మీద చెయ్యి కాలుతుంటే నొప్పి వల్ల కాదు, కమురు వాసన వల్ల తెలుసుకునేదట. వినడానికి వరంలాగా వున్నా, ఒళ్ళంతా గాయాల మచ్చలతో బ్రతకడం వరమో కాదో పాఠకులే ఆలోచించాలి.

మందుతోనే ఆ ఎంజైమును ఆపితే సరిపోతుంది కదా అని కంపెనీలు ప్రయత్నించాయి. 2016 జనవరిలో ఫ్రాన్సులోని రెన్ పట్టణంలో అలాంటి మందును ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద పరీక్షిస్తుండగా ఒకరు మరణించారు, మరి ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ జాతి మందులు మరికొన్ని ఏ హానీ చేయలేదు గాని, మోకాళ్ళ నొప్పులకు పరీక్షించినప్పుడు నొప్పినీ తగ్గించలేదు.

పని చేస్తుందా, లేదా

ఇక అసలు సంగతి. ఈ గుళికలు వేసుకున్నవారికి నొప్పి తగ్గుతుందా?

ఇటలీలో నడుము నుంచి కాలిలోకి లాగే నరం నొప్పి వున్న 636 మందికి మూడు వారాలు ఇచ్చి చూశారు. కొందరికి రోజుకు 300 మిల్లీగ్రాములు, కొందరికి 600, మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ. ఎక్కువ మోతాదు వేసుకున్నవారికి నొప్పి ఎక్కువ తగ్గిందని 2010లో రాశారు. ఆస్ట్రేలియాలో మోకీళ్ళ అరుగుదల వున్న 111 మందికి ఎనిమిది వారాలు ఇచ్చినప్పుడు కూడా నొప్పి, బిగుతు తగ్గినట్టు 2019లో వచ్చింది. డెన్మార్కులో మాత్రం వెన్నుపాము దెబ్బతిని నరాల నొప్పితో బాధపడుతున్న 73 మందికి పన్నెండు వారాలు రోజుకు 1,200 మిల్లీగ్రాములు ఇస్తే ఉత్తుత్తి బిళ్ళకూ దీనికీ తేడా కనబడలేదని 2016లో ప్రకటించారు. 2023లో పదకొండు పరీక్షలను, అందులోని 774 మందిని ఒకచోట చేర్చి లెక్కగట్టినవారు మొత్తం మీద నొప్పి తగ్గుతున్నదనే చెప్పారు.

ఈ విలేఖరికి అర్థమైనంతలో ఇది బూటకం కాదు, అద్భుతమూ కాదు. పరీక్షలు చిన్నవి, కొద్ది వారాలవి. కొన్నింటి వెనక సరుకు తయారుచేసేవారి పెట్టుబడి వుంది. తన బెల్లం తీపి అని ఎవడైనా చెబుతాడు. అయితే పరీక్షలు జరిగినంత కాలంలో పెద్ద హాని ఏదీ బయటపడలేదు. ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందన్న దానికి, గర్భిణీ స్త్రీల విషయానికి సరైన పరీక్షలు లేవు. పని చేసినా వెంటనే చేయదు. రెండు మూడు వారాలు పట్టవచ్చు. పొద్దున వేసుకుని పది గంటలకు కాయ విడిపించేందుకు కూర్చునేవారికి ఇది పనికివచ్చే సరుకు కాదు.

ఒకటిన్నర క్వింటాలు

అవ్వ ప్రశ్నకు జవాబు ఇక్కడ వుంది. వేరుశెనగ గింజలో పి.ఇ.ఏ. వున్నమాట నిజం. ఎంత వున్నది? ఒక గ్రాము గింజలో సుమారు నాలుగు మైక్రోగ్రాములు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలో వంతు. పరీక్షల్లో ఇచ్చిన 600 మిల్లీగ్రాములు గింజల నుంచే రావాలంటే రోజుకు 150 కిలోలు తినాలి. అంటే ఒకటిన్నర క్వింటాలు గింజలు. కాయ లెక్కన చూస్తే అంతకంటే ఎక్కువే. ఒక కుటుంబం రోజంతా కూర్చుని విడిపించే కాయ ఒక్క మనిషి ఒక్క పూటకు చాలదు. కదిరి పరిశోధనా కేంద్రం ఎన్ని కొత్త రకాలు ఇచ్చినా ఈ లెక్క మారదు.

గుళికల్లోని సరుకు అందువల్ల గింజ పిండి తీసింది కాదు. కర్మాగారంలో తయారైనది. ఒంట్లో పుట్టేదీ, కర్మాగారంలో పుట్టేదీ రసాయనంగా ఒకటే అయినా, ఆహారమే కదా అన్నమాట ఇక్కడ నిలబడదు. పైగా ఇది నీటిలో కరగదు. అందుకని గంధం అరగదీసినదానికన్నా మెత్తగా, కంటికి కనబడనంత సన్నని పొడి చేసి గుళికల్లో నింపుతారు. అలా చేయని సరుకు కడుపులోకి పోయి అలాగే బయటికి పోవచ్చు. ఏ సీసాలో ఏది వుందో మందుల అంగడివారికే తెలియనప్పుడు అవ్వకు ఎలా తెలుస్తుంది?

నూనె మర్దనా సంగతీ ఇంతే. గోరువెచ్చని గానుగ నూనెగాని, ఆముదంగాని పట్టించి మర్దనా చేస్తే హాయిగా వుంటుంది. అది వేడి వల్ల, చేతి వత్తుడు వల్ల కలిగే సుఖం. చేయించుకోవడంలో తప్పు లేదు. ఆ నూనెలోని మందు కీలు లోపలికి దిగుతుందని డబ్బు ఖర్చు పెట్టుకోవడం మాత్రం దండగ.

కొంగున ముడి

ఇంత రాయడానికి అసలు కారణం ఆ సీసా కాదు, కొంగున కట్టుకునే బిళ్ళలు. సీసా కొనగలిగేది నూటికి ఒకరు. బిళ్ళ మింగేది ఇంటికి ఒకరు. కొన్ని ఊళ్ళలో చీటీ లేకుండా సెట్టు పేరిట మూడు నాలుగు రంగుల మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తారు. అందులో నొప్పి బిళ్ళ వుంటుంది, ఒక్కోసారి స్టెరాయిడ్ కూడా వుంటుంది. వేసుకున్న గంటకు ఒళ్ళు తేలికవుతుంది. ఆ డాక్టరు చెయ్యి మంచిదంటారు. నెలల తరబడి అలా వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, రక్తపోటు పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగక, దానిమీద ఈ బిళ్ళ వేసేవారికి ప్రమాదం మరీ ఎక్కువ. మన కూలీల పని సరిగ్గా అలాంటిదే.

మన ఊళ్ళ మీద తిరిగే రాబందులు ఏమైనాయో పెద్దలకు గుర్తుండే వుంటుంది. డైక్లోఫినాక్ సూదులు వేయించుకున్న పశువులు చచ్చిపోతే, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై దేశమంతటా లక్షల్లో రాలిపోయాయి. 2004లో కారణం తెలిసింది. 2006లో పశువులకు ఆ మందు వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. పక్షికి విషమైనంత మోతాదులో మనిషికి విషం కాదు, ఆ మాట నిజమే. మనుషులకు ఆ మందు ఇవ్వడం తప్పూ కాదు. ఎవరికి, ఎన్నాళ్ళు, ఏ పరీక్ష చేసి ఇస్తున్నారన్నదే సంగతి.

కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కావు. పని అరుగుదల వల్ల వచ్చే మోకాలి నొప్పి ఒకటి. పొద్దున లేవగానే గంటకు పైగా వేళ్ళు బిగుసుకుపోయి, రెండు చేతుల కణుపులూ వాచే వాతం మరొకటి. రెండోదానికి తొలినాళ్ళలోనే సరైన మందులు పడకపోతే వేళ్ళు వంకరపోతాయి. దానికి ఈ గుళికలు వేసుకుంటూ కూర్చుంటే కాలం చేజారుతుంది. ఆ జబ్బులో చేపనూనె గుళికలు కొంత మేలు చేస్తాయని పరీక్షల్లో తేలింది గాని, అదీ అసలు మందుకు తోడుగానే. ఇక గొంతు నొప్పి వచ్చి తగ్గిన పిల్లవానికి జ్వరంతోపాటు కీళ్ళు వాస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

సంక్రాంతి దాటాక ఈ విలేఖరి మళ్ళీ ఆ ఊరు పోయినప్పుడు అవ్వ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వుంది. మనుమడు పట్టుబట్టి పట్నంలో డాక్టరు దగ్గర చూపించాడట. రక్తం, మూత్రం పరీక్ష చేయించారు. రెండేళ్ళుగా వాడుతున్న సెట్టు మాత్రల వల్ల కావచ్చు, మూత్రపిండాలు కొంచెం అలసిపోయినట్టున్నాయని చెప్పి వాటిని ఆపించారు. నొప్పి ఎక్కువైన రోజు పారాసెటమాల్ వేసుకోమన్నారు. కుర్చీలో కూర్చుని కాలు చాచి పైకెత్తి పట్టే కసరత్తు నేర్పారు. ఆ గుళికలు మిగిలి వుంటే వేసుకోమన్నారు, కొత్త సీసా కోసం అప్పు చేయవద్దన్నారు.

ఒకటిన్నర క్వింటాలు లెక్క చెబితే అవ్వ చాలాసేపు నవ్వింది.

"అంత కాయ నా ఇంట్లో వుంటే నొప్పి వున్నా ఓర్చుకుందును నాయనా" అన్నది.

నొప్పి ఎలా వుందని అడిగితే కొంచెం నయమే అన్నది. గుళికల వల్లనా అంటే కాలు చాపి మోకాలి చిప్ప మీద చెయ్యి పెట్టుకుంది.

"కాయ విడిపించేది అయిపోయి నెలన్నర ఆయె. ఆ సెట్టు మాత్రలు మానేస్తి. కాలు ఎత్తి దించుతా వుండాను. ఈ గుళిక కూడా మింగుతా వుండాను. దేనికి తగ్గిందో నేనేం చెప్తును? మళ్ళీ కాయకు పోతే గదా తెలిసేది" అన్నది.

సీసాలో ఇంకా పది గుళికలున్నాయి.